నెంబర్ పోయిందంటే పేరు పోయినట్టు కాదు

నిజాంపట్నం నుంచి రాస్తున్నాం.

సెలవుల్లో మేము నలుగురం మన యానాది కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగాం. కుల సర్టిఫికెట్టు, ఆధార్ లేని పిల్లల పేర్లు నోటుబుక్కులో రాసుకుని మైఎస్‌క్యూఎల్ 8.0లో ఎక్కించాం. ఒక్కో పేరుకి ఆటో ఇంక్రిమెంట్ తనే నెంబర్ ఇస్తుంది. మెయిన్ లాప్‌టాప్ నిజాంపట్నంలో, కాపీ రేపల్లెలో.

ముందు వచ్చిన గొడవ: 41 తర్వాత 45 ఉంది. "మా మనవళ్ల పేర్లు తీసేశారా?" అని ఒక తాత అడిగాడు. అందరూ ఎంట్రీ చేసిన చెల్లి వైపే చూశారు. నిజానికి ఎవరూ ఏమీ తీయలేదు. మధ్యలో ఆగిన ఎంట్రీ రోల్‌బ్యాక్ అయితే, ఇచ్చిన నెంబర్ మళ్లీ వెనక్కి రాదు. టోకెన్ తీసుకున్నవాడు లైన్లోంచి వెళ్లిపోయినట్టే.

రెండోది పెద్దది. రేపల్లె కాపీలో ఒక పాప కాగితాలు ఇంకో బాబు పేరు మీద కనిపించాయి. అవే ఆఫీసులో ఇచ్చుంటే పాప ఏడాది పోయేది.

కారణం వెతికాం. వెనకటి వెర్షన్లలో ఒకరు జాబితా మొత్తం ఒకేసారి ఎక్కిస్తుంటే, అది పూర్తయ్యేదాకా టేబుల్‌కి ఆటో ఇంక్ లాక్ ఉండేది. రెండోవాళ్లు ఆగేవాళ్లు. 8.0లో లాక్ మోడ్ మామూలుగా 2. ఎవరూ ఆగరు, ఇద్దరి నెంబర్లు కలిసిపోతాయి. 5.7.7 నుంచి కాపీకి వరసని నెంబర్‌తో సహా పంపే రో పద్ధతే మామూలు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మేమేమో నెట్ మిగులుతుందని స్టేట్‌మెంట్ పద్ధతికి మార్చాం. అప్పుడు కాపీకి ఆజ్ఞ మాత్రమే వెళ్తుంది. ఇక్కడ ఇద్దరం ఒకేసారి ఎక్కించాం, అక్కడ ఒకటి అయ్యాక ఒకటి నడిచింది. నెంబర్లు మారిపోయాయి. వార్నింగ్ వచ్చింది కూడా, మేమే పట్టించుకోలేదు.

మళ్లీ రో పద్ధతి పెట్టాం. మెయిన్ నుంచి కొత్త కాపీ తీసి, ప్రతి పేరూ నోటుబుక్కుతో సరిచూశాం.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల వాళ్లని పెట్టిన స్టువర్టుపురం మన బాపట్ల జిల్లాలోనే ఉంది. ఏది పోయినా ముందు మన వైపే చూస్తారని మనకి తెలుసు. ఆ రోజు మేమే మా చెల్లిని అలా చూశాం. అది ఇంకా బాధగానే ఉంది.

లెక్క తేడా వస్తే ముందు లాగ్ చూడండి. మనిషిని తర్వాత అడగొచ్చు.