ఎలా తెలిసిందంటావ్?

మా మార్కాపురంలో గ్రహాల మీద బహిరంగ ఉపన్యాసం ఏడాదికొకటి తప్పకుండా జరుగుతుంది. ఉగాది నాడు, పచ్చడి తిన్నాక, గుడిలో పంచాంగ శ్రవణం. ఈ ఏడాదికి రాజెవరు, మంత్రెవరు, పడబోయే వానలో సముద్రానికెంత, కొండలకెంత, నేలకెంత అని అయ్యవారు చదువుతుంటే మెట్ట పొలాలున్నవాళ్లు ఆ వాన లెక్క దగ్గర ముందుకు వంగి వింటారు. మిగతావాళ్లు తమ రాశి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుని, ఆదాయ వ్యయాలూ రాజపూజ్య అవమానాలూ వినేసి, లేచి చెప్పులు వెతుక్కుంటారు. ఒక్కరైనా లేచి, “అయ్యవారూ, ఇది మీకెలా తెలిసింది?” అని అడగడం నేను చూడలేదు. అడిగితే చెప్పలేరని కాదు. గ్రహణం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పడుతుందో అదే పంచాంగంలో ఉంటుంది, అన్నట్టే పడుతుంది కూడా. దాని వెనక గట్టి గణితం ఉంది. అడగడం ఆ సభ మర్యాదలో లేదు, అంతే.

నేనిప్పుడు ఉంటున్నది కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో. ఇక్కడికి కాస్త దూరాన, లాస్ ఆల్టోస్ హిల్స్ అనే కొండవాలు ఊళ్లో ఫుట్‌హిల్ కాలేజీ ఉంది. అక్కడ 1999 నుంచీ ఏటా కొన్ని బుధవారాలు రాత్రి ఏడింటికి ఖగోళ శాస్త్రం మీద ఉపన్యాసాలు జరుగుతున్నాయి. నడిపించే పెద్దమనిషి ఆండ్రూ ఫ్రాక్నోయ్, ఆ కాలేజీలోనే ఏళ్ల తరబడి ఖగోళం చెప్పిన మాస్టారు. టిక్కెట్టు లేదు, కారు పెట్టుకున్నందుకు మాత్రం డబ్బు కట్టాలి. రిటైరైన ఇంజనీర్లు వస్తారు, బడి పిల్లలు వస్తారు, మనవాళ్లూ కనపడతారు. పిల్లకి సైన్సు మీద ఆసక్తి కలగాలని వెంటపెట్టుకొచ్చిన తండ్రి కుర్చీ అంచుకు జరిగి వింటుంటాడు, పిల్ల అతని భుజం మీద నిద్రపోతుంటుంది.

ఈ ఉపన్యాసాలు తర్వాత యూట్యూబులోకి వస్తాయి. ఇంట్లో సోఫాలో పడుకుని వినొచ్చు. అయినా, ఆఫీసు నుంచి నేరుగా, ఆ ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ వచ్చి కూర్చునేవాళ్లు తగ్గడం లేదు. ఇది ఈనాటి పిచ్చి కూడా కాదు. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ 1597 నుంచి ఊరందరికీ ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పిస్తోంది, అందులో ఖగోళానికి మొదటినుంచీ ఒక ఆచార్యుడున్నాడు. అదే ఊళ్లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలుపెట్టింది. 1977లో వాటిని ఇచ్చింది కార్ల్ సేగన్. విషయం గ్రహాలే.

సేగన్ చేతిలో ఫొటోలున్నాయి. అప్పటికే వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి, అక్కడి ఎర్ర మట్టి, రాళ్ల ఫొటోలు పంపించాయి. ఇప్పుడు ఫుట్‌హిల్‌లో వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గురించి చెప్పేవాళ్లకు ఆ సౌకర్యం దాదాపు లేదు. తెర మీద కనిపించే నీలిరంగు గోళం చిత్రకారుడు ఊహించి గీసింది. శాస్త్రవేత్త దగ్గర నిజంగా ఉన్నది ఒక గ్రాఫు, అందులో కాస్త లోతుకు దిగిన ఒక గీత. ఎవరూ చూడని వస్తువు మీద గంటసేపు మాట్లాడితే ఇంతమంది కిక్కురుమనకుండా ఎందుకు వింటున్నారు? నాకు తోచిన జవాబు ఒక్కటే. వాళ్లు వినేది గ్రహం గురించి కాదు, దాన్ని ఎలా పట్టుకున్నారన్న కథ. సగం డిటెక్టివ్ నవల అది.

ఆ గీత సంగతి నాకు 2004లోనే తెలిసినా, తెలిసినట్టు తెలియదు. ఆ ఏడాది జూన్ 8న శుక్రుడు సూర్యుడికి అడ్డంగా నడిచాడు. ఎండాకాలం సెలవుల చివర. ఒక సైన్సు మాస్టారు మా మార్కాపురం బజార్లో నిలబడి, నల్ల ఫిల్టరు అంటించిన అట్టముక్కలు దారినపోయేవాళ్లకు ఇచ్చి చూపిస్తున్నాడు. పదిన్నర దాటాక మొదలై సాయంత్రం దాకా సాగింది. నేను చూసింది పసుపు పళ్లెం మీద ఆవగింజంత నల్ల చుక్క. పక్కనున్న పలకల ఫ్యాక్టరీ కూలీ ఒకాయన చూసి, అట్టముక్క తిరిగిచ్చేసి, “దీనికేనా ఇంత హడావుడి?” అన్నాడు. నాకూ అదే అనిపించింది కానీ మాస్టారి ముందు అనలేదు. ఆ చుక్క సూర్యుడి వెలుగులో సుమారు వెయ్యోవంతు ఆపిందని, ఆ వెయ్యోవంతు తగ్గడాన్ని కొలవగలిగితే చాలునని, చుక్క కనపడకపోయినా గ్రహం ఉందని చెప్పొచ్చని అర్థమయ్యింది ఎన్నో ఏళ్ల తర్వాత, ఫుట్‌హిల్ కుర్చీలో. 2009లో పైకి వెళ్లిన కెప్లర్ టెలిస్కోపు చేసిన పనంతా అదే. లక్షకు పైగా నక్షత్రాలను రెప్పవేయకుండా చూస్తూ, ఏది ఎప్పుడు ఎంత మసకబారిందో రాసుకోవడం. మన భూమిని అంత దూరం నుంచి ఎవరైనా అలా చూస్తే సూర్యుడు తగ్గేది పదివేలలో ఒకవంతు కూడా ఉండదు.

శుక్రుడి నడక మనవాళ్లకు కొత్తేమీ కాదు. 1874 డిసెంబరు 9న అదే దృశ్యాన్ని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన మామ గోడే వెంకట జగ్గారావు కట్టిన వేధశాల నుంచి చూసి లెక్కలు తీశాడు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి, రాబోయేది ఏమిటో మామూలు జనానికి తెలియాలని దేశభాషల్లో చిన్న పుస్తకం వేయించాడు. వేధశాలలో కూర్చుని పేపర్లు రాసుకుంటే సరిపోయే మనిషి, పంచాంగం చదివేవాళ్ల దగ్గరికీ వినేవాళ్ల దగ్గరికీ వెళ్లి విషయం విప్పి చెప్పాలనుకున్నాడే, అక్కడ నాకు రఘునాథాచారి నచ్చుతాడు.

సేగన్ లండన్‌లో మాట్లాడిన 1977లోనే, మార్చి 10న, తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరులో ఒక నక్షత్రం ముందునుంచి యురేనస్ వెళ్తుంటే మన ఖగోళ శాస్త్రవేత్తలు గమనిస్తున్నారు. గ్రహం ఇంకా నక్షత్రాన్ని చేరకముందే ఆ నక్షత్రపు వెలుగు టక్కున తగ్గింది. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని ఆ రాత్రి ప్రపంచంలో కొద్ది చోట్ల దొరికిన ఆధారాల్లో కావలూరుదీ ఒకటి. అక్కడ కూడా ఎవరూ వలయాన్ని చూడలేదు. వెలుగు తగ్గడాన్ని చూశారు.

ఇదంతా, ఒక దూరపు గ్రహం కథతో కలిపి, మా మేనమామకు ఫోనులో చెబితే ఆయన గిద్దలూరు దగ్గర తన పొలం గట్టు మీద కూర్చుని విన్నాడు. వింటున్నంతసేపూ ఊ కొట్టలేదు. చివరికి అన్నాడు: “చూళ్లేదంటావు. ఉందంటావు. ఎట్టా తెలిసిందంటావ్, అల్లుడూ?”

“నీడ పడింది మామా. ముప్పై మూడు రోజులకోసారి అదే నక్షత్రం అంతే మసకబారుతోంది. ఏదో చుట్టూ తిరుగుతున్నట్టే గదా?”

“బోరు పాయింటు పెట్టినోళ్లూ నాకిట్టాగే చెప్పార్రా.”

మా వైపు భూగర్భ శాస్త్రం తెలియని రైతు ఉండడు, నష్టపోయి నేర్చుకున్నది కాబట్టి. మా మామ పొలంలో ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూపించాడు. ఇంకొకాయన మిషను తెచ్చి, తీగలు పరిచి, కాగితం మీద గీతలు గీసి చూపించాడు. రెండుచోట్లా రిగ్గు దించితే వందల అడుగుల కింద నుంచి తెల్ల దుమ్ము లేచింది. కనపడనిదాన్ని ఉందని చెప్పేవాణ్ని ఎలా నిలదీయాలో మా వాళ్లకు బాగా తెలుసు. ఎన్ని అడుగులన్నావు? ఇంతకుముందు ఎవరికి పెట్టావు? వాళ్లకు పడ్డాయా? ఎండాకాలంలో కూడా ఉన్నాయా?

ఫుట్‌హిల్‌లో ప్రశ్నల సమయంలో లేచేవాళ్లు అడిగేవీ ఇవే. ఒకసారి ఒక చిన్నపిల్ల, ఆ మసక నక్షత్రం మీది మచ్చ ఎందుకు కాకూడదని అడిగింది. హాల్లో నవ్వులు వినిపించాయి కానీ వేదిక మీదున్నావిడ నవ్వలేదు. అది మేం చాలాసార్లు పడ్డ గొయ్యే అని చెప్పి, ఎలా పైకొచ్చారో వివరించింది. నేను ఆ ట్రాఫిక్ భరించేది ఈ భాగం కోసమే. వీడియోలో ఉపన్యాసకుడు ఆపిన చోటే మనమూ ఆగిపోవాలి.

పాయింటు నిజమా కాదా తేలాలంటే అదే పొలంలో ఇంకొకరు వచ్చి సొంత రిగ్గు దించాలి. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహం విషయంలో ఇలాగే జరిగింది. 1995 అక్టోబరులో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మిషెల్ మయోర్, డిడియే కెలో దాన్ని ప్రకటించారు. నాలుగు రోజులకోసారి నక్షత్రాన్ని చుట్టి వచ్చే గురుగ్రహమంత గోళం. ఎవరూ నమ్మబుద్ధి కాని సంగతి. రోజుల వ్యవధిలో జెఫ్ మార్సీ, పాల్ బట్లర్ మా సాన్ హోసే పైనున్న హామిల్టన్ కొండ మీద, లిక్ వేధశాలలో, అదే నక్షత్రాన్ని కొలిచి ఉన్నమాటే అన్నారు. మయోర్, కెలోలకు 2019లో నోబెల్ వచ్చింది.

మామతో నేను చెప్పిన ముప్పై మూడు రోజుల గ్రహం పేరు కే2-18బి. దూరం 124 కాంతి సంవత్సరాలు. ఇప్పుడు మనకు అందుతున్న దాని నక్షత్రపు వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు గిద్దలూరు మీద మీటర్‌గేజి బండి పొగ కక్కుతూ నడిచేది. ఆ వెలుగైనా వచ్చి చేరింది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం మా పొలాలు ఇంకా చూస్తున్నాయి. కేంబ్రిడ్జిలో పనిచేసే నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో, ఆ గ్రహపు గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్లు ఉన్నట్టున్నాయని ప్రకటించింది. భూమి మీద ఆ వాయువు ఎక్కువగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. ప్రపంచమంతా పతాక శీర్షికలు. వెంటనే వేరే బృందాలు ఆ బృందం వాడిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు సమాచారాన్నే తమ పద్ధతిలో లెక్కగట్టి, అంత గట్టి ఆధారం కనపడటం లేదన్నాయి. ఇది సైన్సుకు తలవంపులని కొందరనుకుంటారు. ఇంకో రిగ్గు వచ్చిందని నేననుకుంటాను.

మా అమ్మ దృష్టి మాత్రం వేరు. విషయమంతా విని, “ఏ రాశిలో ఉందిరా అది?” అంది. నిజంగానే సింహరాశిలో ఉంది. మా ఇంట్లో సింహరాశి వాళ్లెవరూ లేరని గుర్తుచేసుకుని ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఈ నవ్వులాట వెనక చెప్పాల్సిన చరిత్ర కొంచెం ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పడినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మా వైపు సూర్యుడు పూర్తిగా మూసుకోలేదు, కానీ చాలా భాగం మూసుకున్నాడు. బజారు నిర్మానుష్యమైందని, తలుపుల సందుల్లో కూడా గుడ్డలు కుక్కారని మా నాన్న చెబుతాడు. ఇరవై నాలుగేళ్లకు అదే బజార్లో అట్టముక్కతో సూర్యుణ్ని చూడ్డానికి జనం వరస కట్టారు. ఆ మార్పు దానంతటదే రాలేదు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల వాళ్లు, ఊరూరా సైన్సు మాస్టార్లు గ్రహణమొచ్చిన ప్రతిసారీ వీధిలో నిలబడి, జనం ముందు టిఫిన్ తిని మరీ చూపించారు.

ఇక్కడ కాలిఫోర్నియాలో ఉపన్యాసాలున్నాయి, చుక్కలు లేవు. లిక్ వేధశాల కోసమని సాన్ హోసే చాలా ఏళ్లు వీధుల్లో పసుపు సోడియం దీపాలే వాడింది. అయినా మా పెరట్లోంచి పిల్లలకోడి చుక్కల్ని లెక్కపెట్టబోతే నాలుగైదు దగ్గర ఆగిపోతాను. మా ఊరివైపు దోర్నాల దాటి నల్లమల అంచుకు వెళ్తే ఇప్పటికీ రాత్రి రాత్రిలాగే ఉంటుంది. మా జేజి గొల్లకావడి ఎక్కడుందో చూసి నీళ్లు పెట్టే వేళ చెప్పేది.

అందుకని వచ్చే డిసెంబరులో మార్కాపురంలో ఒక సాయంత్రం దూరపు గ్రహాల మీద తెలుగులో మాట్లాడించాలని అనుకుంటున్నాను. చెప్పే మనిషి దొరికాడు, హైదరాబాదులో పిల్లలకు ఆకాశం చూపించే స్నేహితుడు. గంటసేపు ఉపన్యాసం, తర్వాత అరగంట ప్రశ్నలు, ఆ తర్వాత ఊరి బయట టెలిస్కోపు. హాలు, మైకు, కుర్చీల సంగతి చూడమని మామకు ఫోను చేశాను. కుర్చీలు ఆయనకు తెలిసిన టెంటు హౌసులో దొరుకుతాయట. కానీ కార్యక్రమం వరస ఆయనకు నచ్చలేదు.

“ప్రశ్నలు ఆఖర్న పెడితే మావాళ్లు అందాకా ఉండరు అల్లుడూ. ముందు ప్రశ్నలు పెట్టించు. ఆయన వాటికి నిలబడితే అప్పుడు గంటేం ఖర్మ, రెండు గంటలు వింటాం.”