గాలి శీను నుంచి సూర్యప్రకాశ్ దాకా

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి నాంపల్లి క్రిమినల్ కోర్టుల మీదుగా వస్తుంటే, గేటు దగ్గర ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చూసి అల్లరి నరేశ్ ‘నాంది’ గుర్తొచ్చింది. చేయని హత్యకు విచారణ ఖైదీగా ఏళ్ల తరబడి జైల్లో మగ్గిపోయే సూర్యప్రకాశ్ పాత్ర. పోలీసుల దెబ్బలకు కుంగిన ఆ ఒంటిలో, ఆ చూపులో కామెడీ హీరో ఆనవాలైనా కనపడదు. తప్పుడు కేసు పెట్టినవాళ్లను నిలదీయడానికి అప్పటి ఐపీసీలో 211 సెక్షన్ ఉండేదని నాకు ఆ సినిమాతోనే తెలిసింది.

నరేశ్‌కు 2002లో వచ్చిన మొదటి సినిమా పేరే ఇంటిపేరైపోయింది. ఆ తర్వాత వరసగా నవ్వుల సినిమాలే. కానీ 2008లోనే ‘గమ్యం’లో గాలి శీనుగా నవ్విస్తూనే గుండె పిండేశాడు, నంది అవార్డూ తెచ్చుకున్నాడు. అప్పుడే మనవాళ్లు గుర్తించి అలాంటి పాత్రలు రాయాల్సింది. ‘శంభో శివ శంభో’, ‘మహర్షి’ లాంటివి మధ్యలో ఒకటీ అరా. పూర్తి బరువు మోసే కథ ‘నాంది’ రూపంలో దొరికేసరికి 2021 వచ్చింది! ఆ కథను నమ్మి ఇచ్చిన దర్శకుడు విజయ్ కనకమేడల. మళ్లీ ఆయనతోనే 2023లో ‘ఉగ్రం’ చేశాడు.

నవ్వించేవాడికి ఏడిపించడం రాదనుకోవడం మన పరిశ్రమకున్న చెడ్డ అలవాటు. ‘నాంది’ చూడనివాళ్లుంటే ఈ ఆదివారం తప్పకుండా చూడండి.