నీటిని పట్టి ఇచ్చే వెలుగు

పిల్లలూ! హైదరాబాదు వెళ్ళినవారు చార్మినారు చూస్తారు, గోలకొండ ఎక్కుతారు. మొన్న నేను వెళ్ళినప్పుడు మరొక వింత కూడా చూచాను. అది ఊరి చివర మందుల ప్రయోగశాలలో, నా పాత విద్యార్థిని బల్లమీద ఉన్నది.

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఒక గాజుబుడ్డి ముందు దిగాలుగా నిలబడి ఉన్నది.

"మాస్టారూ, రెండు రోజుల పని పాడైపోయింది. ఇందులో నీరు చేరినట్టున్నది," అన్నది.

"నీళ్ళు ఎవరు పోశారమ్మా?"

"ఎవరూ పొయ్యలేదు, అదే వచ్చింది!"

వానాకాలంలో మీ ఇంట్లో ఉప్పు చెమ్మగిల్లటం చూచారు గదా! అలాగే మందుల తయారీలో వాడే టీహెచ్‌ఎఫ్ అనే ద్రావకం మూత తీసి ఉంచితే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 1900లో ఫ్రాన్సు దేశపు విక్టర్ గ్రీన్యార్, మెగ్నీషియంతో కొత్త అణువులను కూర్చే పద్ధతి కనిపెట్టాడు. అందుకు 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ అమ్మాయి చేస్తున్నదీ ఆ పనే. కాని లీటరు ద్రావకంలో అరచెంచా నీరున్నా ఆ పని చెడుతుంది. ఆ నీరు కంటికి కనిపించదు!

మరి తెలిసేదెలా? మైలుతుత్తాన్ని బాగా కాలిస్తే తెల్లబడుతుంది. నీరు తగిలితే మళ్ళీ నీలమవుతుంది. కాని మరీ కొద్దిపాటి నీటిని అది సరిగా చూపలేదు. 1935లో జర్మనీ దేశపు కార్ల్ ఫిషర్, అయొడినుతో నీటిని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. నేటికీ అది వాడుకలో ఉన్నది.

ఆ అమ్మాయి నాకు ఇంకొక ఉపాయం చూపింది. కొత్త సీసాలోని ద్రావకం ఒక గొట్టంలో, తాను వాడిన సీసాలోది మరొక గొట్టంలో పోసి, రెంటిలోనూ ఒకే రంగుమందు చుక్క వేసింది. గది చీకటి చేసి అతినీలలోహిత దీపం వేసింది. మొదటి గొట్టం పచ్చగా ధగధగ మెరిసింది. రెండవది మిణుకుమిణుకుమన్నది!

కారణం వినండి. ఆ రంగుమందు అణువు కంటికి కనపడని కిరణాలను మింగి, కనపడే వెలుగుగా తిరిగి ఇస్తుంది. నీటి అణువులు దానిని పట్టుకుంటే, ఆ శక్తిలో చాలాభాగం వేడిగా మారిపోతుంది, వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో యంత్రంతో కొలిస్తే ఎంత నీరున్నదో తెలుస్తుంది. నీరు తగిలితే రంగు మారేవీ, ఇంకా ఎక్కువగా వెలిగేవీ కూడా ఉన్నాయి.

"తొందరలో ఈ పరీక్ష చేయలేదు. తప్పు నాదే, మాస్టారూ," అన్నది ఆ అమ్మాయి.

పాత సీసాను పక్కన పెట్టి, బుడ్డి కడిగి ఆరబెట్టి, కొత్త సీసాతో పని మళ్ళీ మొదలుపెట్టింది. సీసా మూత మాత్రం వెంటనే బిగించింది!