పాత జీపు, పడవ బండి

మా వీధిలో జీపు అనగానే జనులకు రెండే తలపులు కలుగును. ఒకటి పోలీసులు, రెండవది ఎన్నికలు. ఉద్యోగము చాలించుకొని బందరులో కాలక్షేపము చేయుచున్న బడిపంతులనగు నేను అరువదియేండ్లు దాటిన పిమ్మట పాత జీపు కొరకు ఊరూరు తిరుగుచున్నానని తెలిసినప్పుడు, కొందఱు నేను పంచాయతి ఎన్నికలలో నిలువబోవుచున్నాననియు, కొందఱు నాకు మతి చలించినదనియు అనుకొనిరి. ఈ రెండు అపవాదములలో ఏది తక్కువ అవమానకరమో నేను నేటికిని తేల్చుకొనలేకున్నాను.

నిజమేమనగా, జీపు నాకు కావలసినది ఎక్కి తిరుగుటకు గాదు, పడవను లాగుటకు. నా భార్య పుట్టినిల్లు దివిసీమలో, నాగాయలంకకు సమీపమున, కృష్ణ యొడ్డుననున్నది. నా బావమఱది ఇల్లు దిబ్బమీద కట్టిన మేడ. దానికి దిగువను, ఏటికి మఱింత చేరువను, నలుబది గుడిసెల కూలివాడ యున్నది. 2019 ఆగస్టులో కృష్ణకు వఱద వచ్చినప్పుడు మేడ మెట్లను నీరు తాకి ఆగెను. గుడిసెల చూరులను తాకి ఆగలేదు. ఆనాడు రేవున కట్టియుంచిన మా కొయ్య పడవ త్రాడు తెంపుకొని పోయెను. పడవ కావలసిన గడియలోనే పడవ లేకపోయెను. మనుష్యులను గట్టెక్కించుటకు ప్రభుత్వపు పడవ వచ్చువఱకు రాత్రియంతయు గడచినది.

ఆ మీదట మా నాలుగు కుటుంబములవారము చందాలు వేసికొని ఫైబరు పడవనొకదానిని, దానికొక చిన్న ఇంజనును కొంటిమి. రేవున కట్టిన పడవ ఏటి సొత్తని అప్పటికి తెలిసినది గనుక, దానిని రోడ్డు ప్రక్కను పాకలో ఇనుప ట్రైలరుమీద ఉంచి, వఱద వచ్చునని తెలిసిన వెంటనే నీటి యొడ్డునకు లాగికొనిపోవలెనని నిశ్చయించితిమి. పడవ, ఇంజను, ట్రైలరు కలిసి ఏడువందల కిలోల బరువు. తారురోడ్డుమీద దానిని ఏ కారైనను లాగగలదు. చిక్కంతయు చివరి మూడు ఫర్లాంగులలోనున్నది. దివిసీమ ఒండ్రుమట్టి ఎండలో రాయి, వానలో వెన్న. వెనుక చక్రములు మాత్రమే త్రిప్పు బండి ఆ బురదలో నిలిచిన చోటనే గోయి త్రవ్వుకొని అందులో కూర్చుండును.

ట్రాక్టరుండగా జీపెందుకని చదువరులు ప్రశ్నింపవచ్చును. మేమును మొదట అట్లే తలచితిమి. కాని కృష్ణకు వఱద వచ్చు దినములును, మాగాణిలో దమ్ము చేసి నాట్లు వేయు దినములును ఒకటియే. అప్పుడు ఊరిలోని ట్రాక్టర్లన్నిటికిని ఇనుప దమ్ముచక్రములు తగిలించియుండును. వానిని విప్పి రబ్బరు చక్రములు బిగించి చేలోనుండి బయటికి తెచ్చులోపల ఏఱు మన కొఱకు ఆగదు.

మఱియొక కారణము నా భార్య చెప్పినది. వఱద వేఱు, ఉప్పెన వేఱు. 1977 నవంబరు 19వ తేదీని సముద్రము దివిసీమమీదికి లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన గ్రామములను ఊడ్చివేసినప్పుడు పడవలున్నవారు పడవలతోనే పోయిరి. 1864లో బందరును ముంచిన ఉప్పెనలోను ముప్పదివేలమంది పోయిరని చెప్పుదురు; రేవుపట్టణమైన బందరులో పడవలకు కొదవయా? ఉప్పెన వచ్చిన పిదప పడవ పనికిరాదు. అది రాకముందే మనుష్యులను మెఱకకు చేర్చు బండి కావలెను. నేడు తుపాను తీరము దాటుటకు ముందుగానే హెచ్చరికలు వచ్చుచున్నవి. 2023 డిసెంబరు 5వ తేదీని మిచౌంగు తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినప్పుడును మనకు ముందుగానే తెలిసినది. తెలిసియు కదలలేనివానికి ఆ తెలివి ఎందుకు? "వఱదకు పడవ, ఉప్పెనకు బండి. రెండును లేకపోతే మనము చదివిన చదువెందుకండీ?" అని ఆమె యన్నది. దానితో నేను జీపు వేటకు బయలుదేరితిని.

మొదట గుడివాడలో ఒక షెడ్డునందు జీపు అమ్మకమునకున్నదని విని పోయితిని. వెల లక్షా పదివేలు. లోపల గేరుకఱ్ఱ ప్రక్కను మఱి రెండు చిన్న కఱ్ఱలున్నవి. "చూశారుగా మాష్టారూ, అసలైన ఫోర్‌వీలు!" అని అమ్మకందారు చెప్పెను. నేను సంతోషించి బయానా ఇయ్యబోవుచుండగా, నా వెంట వచ్చిన గిలకలదిండి సరంగు నేలమీద పరుండి బండి క్రిందికి తల దూర్చి, "అయ్యగారూ, తమరు కూడా ఓసారి ఇటు వంగి చూడండి. చెవులున్నాయి గాని లోపల వినికిడి లేదండి," అనెను. ముందు ఇరుసునకు పోవలసిన ఇనుప కడ్డీ, అనగా ప్రొపెల్లరు షాఫ్టు, లేనేలేదు. ఎవరో ఎప్పుడో డీజిలు కలిసివచ్చునని దానిని ఊడదీసి పాత ఇనుమునకు అమ్ముకొనిరి. కఱ్ఱలు మాత్రము అలంకారమునకు మిగిలినవి.

ఇట్టి బండి కొనదలచిన గృహస్థులకు ఉపకరించునని నేను నేర్చుకొన్న నాలుగు ముక్కలు ఇక్కడ వ్రాయుచున్నాను. జీపు ఆకారముగలదెల్ల నాలుగు చక్రముల బలముగలది గాదు. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యమునకై పుట్టిన విల్లీసు జీపు అట్టిదే. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మహీంద్రా కంపెనీ దానినే బొంబాయిలో కూర్చుట మొదలుపెట్టెను. కాని తరువాతి కాలమున మన పల్లెలలో జనమునెక్కించుకొని తిరిగిన మహీంద్రా జీపులలో అనేకము వెనుక చక్రములతో మాత్రమే నడచునవి. ముందు ఇరుసు నడుమ గుమ్మడికాయవంటి ఇనుప బుఱ్ఱ యున్నచో అది నాలుగు చక్రములది. సాదా ఇనుప దూలమైనచో కాదు. బుఱ్ఱ యున్నను షాఫ్టు ఉన్నదో లేదో చూడవలెను. షాఫ్టు ఉన్నను, తడి నేలమీద కఱ్ఱ వేసి, ముందు చక్రములు నిజముగా లాగుచున్నవో లేదో చూడవలెను. ఎండిన తారురోడ్డుమీద మాత్రము ఆ కఱ్ఱ వేసి తిరుగరాదు. మలుపులో ముందు చక్రములును వెనుక చక్రములును వేఱువేఱు దూరములు నడచును. జాఱుటకు బురద లేనిచో ఆ భేదమంతయు పళ్లచక్రములమీద పడి అవి విఱుగును.

రెండవ జీపు బందరులోనే దొరికినది. క్రొత్త పెండ్లికొడుకువలె రంగు వేసికొని నిలిచియున్నది. సరంగు జేబులోనుండి చిన్న సుత్తి తీసి క్రిందనున్న ఛాసిసు దూలమును పొడవునను తట్టుచు పోయెను. కొంతదూరము కంగుకంగుమన్నది, వెనుక కమానుకట్టలు బిగించు చోట డొబ్బుమన్నది, ఇంకొక దెబ్బకు రంగుపెంకు రాలి సుత్తిమొన లోపలికి దిగెను. "ఉప్పుగాలి తిన్న ఇనుమండి. పైన రంగు, లోన చెద," అని అతడు నవ్వెను. పడవను లాగు బరువంతయు పడునది ఆ చోటనే. ఇంజను చెడినచో మార్చవచ్చును. వెన్నెముక కుళ్లినదానికి వైద్యము లేదు. అందుచేత సముద్రపుగాలికి దూరముగా బ్రతికిన బండినే కొనవలెనని నిశ్చయించుకొంటిని.

మూడవది మెట్టప్రాంతపు రైతొకరి తోటలో పనిచేసిన బండి. రంగు వెలిసినది, కూర్చుండు దిండ్లు చినిగినవి, ఛాసిసు మాత్రము కంగుమన్నది. బుఱ్ఱ, షాఫ్టు, కఱ్ఱలు అన్నియు ఉన్నవి. లక్షా డెబ్బదివేలకు బేరము కుదిరినది. ఆయన మంచివాడు, "పేరు మార్పు తరువాత చూసుకుందాం లెండి," అని కాగితములమీద సంతకములు పెట్టి ఇచ్చెను. మనవారిలో ఈ ఔదార్యము చాల ప్రమాదకరమైనది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములోనైనచో, అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను ఆ సంగతి తెలియజేయవలెను. బండి ఎన్ని చేతులు మారినను, పుస్తకములో పేరున్నవాడే ప్రమాదమునకు బాధ్యుడగు యజమాని యని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. మంచివానికి కీడు చేయకుండుటకే నేను పట్టుపట్టి వారములోపల పేరు మార్పించితిని.

బండి వచ్చిన సాయంకాలము నా భార్య లెక్కల పుస్తకములో క్రొత్త పుట తీసినది. బండి వెల, నాలుగు టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, భీమా, కాలము చెల్లిన రిజిస్ట్రేషను మరల పొందుటకైన రుసుము వరుసగా వ్రాసి మొత్తము వేయగా, చౌకబండి కాస్తయు రెండు లక్షల డెబ్బదివేలకు చేరినది. కొనుట ఒకనాటి ముచ్చట. ఉంచుకొనుట నెలనెలకును నోము. ఆ లెక్క ముగించి ఆమె పుస్తకము మూయక, తన తమ్ముని వంక చూచి, "నీళ్లొచ్చిన రాత్రి ఈ పడవ ముందు ఎవరి గుమ్మానికి వెళ్తుంది?" అని అడిగినది.

బావమఱది, "అదేమిటక్కా, డబ్బు పెట్టింది మనం. ముందు మనవాళ్లు, తరువాత ఎవరైనా," అనెను.

"మన మేడమీదికి నీళ్లు రావడానికి రెండు రోజులు పడుతుంది. దిగువ వాడలోకి రావడానికి రెండు గంటలు. ముందు మునిగేవాడి దగ్గరికి వెళ్లని పడవని పడవ అనరు, తమ్ముడూ. మేడలో పెట్టుకొన్న బొమ్మ అంటారు."

ఆ మాటతో ఇంట మూడు దినములు పొయ్యి తప్ప మఱేమియు సరిగా వెలుగలేదు. నాలుగు కుటుంబములలో రెండు ఆమె వంక, రెండు అతని వంక నిలిచినవి. తుదకు సరంగే తగవు తీర్చెను. "పడవని నీళ్లలో దించటానికి జీపొక్కటే చాలదండి. పదిమంది మనుషులు కావాలి. ఆ పదిమందీ మేడమీద ఉండరు," అనెను. పడవ మొదట దిగువ వాడకు పోవలెననియు, బండి తాళపుచెవి ఒకటి మేడలోను ఒకటి వాడలోను ఉండవలెననియు కాగితము వ్రాసికొంటిమి. బావమఱది సంతకము పెట్టెను గాని, కలమును కొంచెము గట్టిగానే నొక్కెను.

2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు ఎన్నడును లేనంత వఱద వచ్చెను. విజయవాడ యొద్ద ప్రకాశము బారేజినుండి సెకనుకు పదునొకండు లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు దిగువకు విడువబడినది. ఆ నీరు దివిసీమకు చేరులోపలనే నేను చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా అచ్చటికి చేరితిని. మా మేనల్లుడు జీపు తీసెను. జీపు మొదటి త్రిప్పులోనే పలికినది. తారురోడ్డు దాటి బురదలో దిగినప్పుడు కఱ్ఱ వేయగా, నాలుగు చక్రములును దున్నపోతువలె నింపాదిగా లాగుచుండెను. మా హృదయములుప్పొంగినవి. ఇంకను రెండు ఫర్లాంగులున్నదనగా వెనుకనుండి కాలిన వాసన వచ్చి, పొగ లేచి, బండి ఒక ప్రక్కకు ఈడ్చుకొనిపోయి నిలిచెను.

చెడినది జీపు కాదు, ట్రైలరు చక్రము. దాని బేరింగు పట్టివేసినది. వేసవిలో మేము పడవను ఆడించి చూచుటకు ట్రైలరును ఎండలో పరుగెత్తించి, వేడి తగ్గకుండగనే ఉప్పుటేటిలో దింపితిమి. వేడెక్కిన చక్రపుబొడ్డు చన్నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి ముడుచుకొని నీటిని లోనికి పీల్చును. ఆ ఉప్పునీరు గ్రీజును చెఱిచి మూడు నెలలుగా బేరింగును తినుచుండెను. జీపునకు సుత్తి వేసి, పరుండి, వంగి పరీక్షించిన మేము, ఏబది రూపాయల గ్రీజు కొఱకు ట్రైలరు చక్రము వంకనైనను చూడలేదు.

మేము దిక్కుతోచక నిలిచియుండగా వాడలోనుండి మనుష్యులు వచ్చిరి. ఎవరును పిలువలేదు. పదునలుగురు ఇంజను విప్పి వేఱుగా మోసికొని, తాటిదుంగలు పఱచి, పడవను వానిమీద దొర్లించుచు, దుంగలను వెనుకనుండి తీసి ముందు పఱచుచు, అరగంటలో నీటికి చేర్చిరి. తలక్రింద భుజము పెట్టి తోయుచున్న ఆ పదునలుగురిలో నా బావమఱదియు నుండెను. అతని తెల్లని పంచె ఆనాడు ఏ రంగున నుండెనో చెప్పనక్కఱలేదు. ట్రైలరును విడిచిన జీపు ఊరకుండలేదు. ముసలివారిని, బాలింతలను, పిల్లలను ఎక్కించుకొని అవనిగడ్డ మెఱకకు ఆఱు మార్లు తిరిగినది. కొన్నది పడవను లాగుటకు. చేసినది మనుష్యులను మోయుట. వాడలో గుడిసెలు పోయినవి, మేకలు పోయినవి. మనుష్యులెవరును పోలేదు.

ఇప్పుడు ప్రతి నెల మొదటి తేదీని ట్రైలరు చక్రములు విప్పి చూచి గ్రీజు పెట్టుచున్నాము. ఉప్పునీటిలో దిగినచో నాడే మంచినీటితో కడుగుచున్నాము; దిగుటకు ముందు చక్రపుబొడ్డుమీద చేయి వేసి చల్లబడినదాకా ఆగుచున్నాము. ఆ పద్దులు వ్రాయునది మేడలోనివారు గారు. వాడలో ఇంటరు చదువుచున్న ఒక బాలిక. క్రిందటి నెలలో ఆమె పుస్తకములో ఎఱ్ఱసిరాతో, "జీపు ఎడమ ముందు బ్రేకు లాగుచున్నది. గత నెలలోనే చెప్పితిని," అని వ్రాసినది. నా బావమఱది దానిని చదివి, ఒక్కమాటయైనను అనక, అవనిగడ్డనుండి మెకానిక్కును పిలిపించెను.