రైతు పేరు, తండ్రి/భర్త పేరు

"పట్టాదారు రాలేదామ్మా?"

రిజిస్టరు ముందు కూర్చున్న కుర్రాడు మర్యాదగానే అడిగాడు. 2023 సెప్టెంబరు. అక్టోబరు కత్తిరింపులు మొదలయ్యేలోపు ద్రాక్ష రైతులకు ఒకరోజు శిక్షణ పెడుతున్నారని తెలిసి, "పోదాం పాపా, నువ్వూ రా" అంది అమ్మ. నేను కర్నూలులో పాఠాలు చెప్పుకునే మనిషిని. నంద్యాల, మైదుకూరు మీదుగా రాత్రి బస్సులో కడప చేరి, తెల్లారి అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను.

రిజిస్టరులో ఐదు గళ్ళు: రైతు పేరు, తండ్రి/భర్త పేరు, సర్వే నంబరు, పాసుపుస్తకం నంబరు, ఫోన్ నంబరు. వీటిలో ఏ గడిలోనూ అమ్మ ఇమడలేదు. పాసుపుస్తకం అన్న పేరు మీద ఉంది. అన్న బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చివరికి మొదటి గడిలో అన్న పేరు, రెండో గడిలో పదకొండేళ్ళ కిందట పోయిన నాయన పేరు రాసి, పక్కన అమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. ఊళ్ళో లేనివాడూ, లోకంలోనే లేనివాడూ హాజరైనట్టు లెక్క. ఎదురుగా నిలబడిన మనిషి మాత్రం వాళ్ళ తరఫున వచ్చిన సంతకం!

ఆ రోజు నాకు కోపం వచ్చింది. అయితే ఆ కోపం ఎవరి మీద రావాలో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది.

మా తోట వేంపల్లె వైపు, ఎకరన్నర. మా చుట్టుపక్కలంతా చీనీ, అరటి. ద్రాక్ష తక్కువ. అనంతపురం వైపు తోటలు చూసొచ్చి నాయన మోజుపడి వేశాడు. రాతి కూసాలు పాతి, తీగలు లాగి, పందిరి కట్టాడు. వానలు తక్కువ పడే నేల ద్రాక్షకు మంచిదే. కానీ మన వేడి నేలల్లో ఈ తీగకు చలికాలపు నిద్ర ఉండదు కనుక, ఏడాదికి రెండుసార్లు మనిషే కత్తెర పట్టుకుని దానికి కాలం చెప్పాలి. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, కొత్త కొమ్మ కోసం. అక్టోబరులో ఇంకొకటి, కాయ కోసం. ఆ తర్వాత చిగుళ్ళు తుంచడం, తీగలను పందిరికి కట్టడం, గుత్తిలో ఒత్తుగా ఉన్న పిందెలను పలచన చేయడం, గుత్తులను ఒక్కొక్కటిగా జిబ్బరెల్లిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో ముంచడం. ఈ పనులన్నీ మా వైపు ఆడవాళ్ళవే. మెడలు పైకెత్తి, చేతులు చాపి, పొద్దంతా పందిరి కింద నిలబడి చేసే పనులు. కత్తిరింపూ మందు కొట్టడమూ మగవాళ్ళవి. దానికి కూలీ ఎక్కువ, అది "పనితనం" కాబట్టి. పిందెలు ఏరడం మాత్రం ఆడవాళ్ళకు పుట్టుకతోనే వస్తుందట!

నాయనకు జబ్బు చేసిన ఏడాది అమ్మ కత్తెర పట్టింది. అప్పట్నుంచి వదల్లేదు.

శిక్షణలో ఆమె వెనక వరసలో కూర్చుంది. బూజు తెగులు గురించి చెబుతూ శాస్త్రవేత్త బోర్డో మిశ్రమం దగ్గరికొచ్చారు. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. దాని కథ కూడా చెప్పారాయన. 1882లో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకోకుండా తోటలవాళ్ళు అంచు వరసలకు మైలుతుత్తం, సున్నం చల్లేవారట. ఆ వరసల్లో తెగులు లేకపోవడం మిలార్దే అనే వృక్షశాస్త్రజ్ఞుడి కంటపడింది. 1885లో ఆయన దాన్ని లోకానికి ప్రకటించాడు. తోటవాళ్ళ చేతిపనిలోంచే శాస్త్రం పుట్టిందన్నమాట.

"మిశ్రమం సరిగ్గా కుదిరిందని ఎట్లా తెలుసుకుంటారు?" అని అడిగారు. ముందు వరసలు మాట్లాడలేదు.

"కొడవలి ముంచి చూస్తా సార్" అంది అమ్మ, వెనక నుంచి. "తుప్పులేని కొడవలి. దానికి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదని. ఇంకొంచెం సున్నపునీళ్ళు పోస్తా."

ఆయన ముఖం వెలిగింది. "అద్గదీ! విన్నారా రైతులూ, ఆమె ఎంత బాగా చెప్పిందో!" అన్నారు. మంచి మనిషి. అమ్మను నిజంగానే మెచ్చుకున్నారు. కానీ ఆ వాక్యంలో "రైతులు" వేరు, "ఆమె" వేరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళను పక్క గదిలోకి పిలిచారు. వాళ్ళకు జామ్, స్క్వాష్ తయారీ. హాల్లో మగవాళ్ళకు కత్తిరింపు మీద పాఠం. అమ్మ ఐదు నిమిషాలు కూర్చుని లేచింది. "జామ్ మనూర్లో ఎవరు తింటారు పాపా? నాకు కావాల్సింది ఆడ చెప్తాండారు" అని హాల్లోకి వెళ్ళిపోయింది. నేను ఆమె వెనకాల నడిచాను. సాయంత్రం ఇచ్చిన సంచిలో ఒక పుస్తకం, ఒక కొత్త కత్తెర ఉన్నాయి. సంచి మీద అన్న పేరు.

ఇక నా కోపం సంగతి.

2012లో నాయన పోయాక భూమి ఎవరి పేరున మారాలన్న ప్రశ్న వచ్చింది. నిజానికి ప్రశ్నే రాలేదు, కాగితం వచ్చింది. "మాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు" అని అమ్మ సంతకం, నా సంతకం. అప్పటికే నేను స్త్రీవాద సాహిత్యం చదువుకుంటున్న పరిశోధక విద్యార్థిని. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమానవాటా 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉందనీ, 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చిందనీ నాకు తెలుసు. భర్త ఆస్తిలో భార్యకు పిల్లలతో సమానంగా వాటా ఉందనీ తెలుసు. అంటే నేను పుట్టకముందే నాకు రాసిపెట్టి ఉన్న హక్కును, అమ్మకున్న హక్కును, అన్నమీది ప్రేమ అనుకుని, పెద్దమనసు అనుకుని ఒక్క నిమిషంలో వదిలేశాను. అమ్మను ఒక మాట అడగాలని కూడా తోచలేదు. రిజిస్టరులో అమ్మకు గడి లేకుండా చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ సంతకం ధర ఏమిటో అమ్మ చాలాసార్లు చెల్లించింది. 2021 నవంబరులో కడప జిల్లాను ముంచెత్తిన వానలు గుర్తుండే ఉంటాయి. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ నెలలోనే. మా తోట సరిగ్గా పూత మీద ఉంది. బూజు తెగులుతో వారంలో ఊడ్చుకుపోయింది. నష్టం రాయించడానికి పోతే, పంట నమోదు పట్టాదారు పేర ఉంది కనుక వేలిముద్ర కూడా ఆయనదే కావాలన్నారు. ఆ వేలు బెంగుళూరులో ఉంది. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏటా ఆరు వేలొస్తాయి కదా అంటే, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు అది వర్తించదు. అన్న పన్ను కడతాడు. పన్ను కట్టేంత ఆదాయం ఎన్నడూ ఎరగని అమ్మకు పట్టా లేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ లంచం అడగలేదు. అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి!

ఈ పట్టా కథ మా నేల మీద పాతదే. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలాలు కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే పద్ధతికి ఇక్కడే గట్టి పునాది వేశాడు. రైతుకు అది మేలేనని చరిత్రలో చదువుకున్నాం. కానీ శిస్తు పుస్తకంలో ఇంటికొక పేరే ఎక్కింది, అది ఇంటి మగవాడిదే. 1971లో పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పుస్తకం మారింది కానీ అలవాటు మారలేదు.

కాగితం మీద మంచి మాటలు లేవని కాదు. 2007 జాతీయ రైతు విధానం భూమి ఎవరిదన్నదానితో నిమిత్తం లేకుండా సేద్యం చేసేవాళ్ళను, కూలీలను, కౌలుదార్లను అందరినీ రైతులంది. ఎం.ఎస్. స్వామినాథన్ మహిళా రైతుల హక్కుల బిల్లును రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్ళలో ఇంచుమించు నాలుగింట మూడొంతుల మంది వ్యవసాయంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తమ్మీద కమతాలు స్త్రీల పేర ఉన్నది దాదాపు 14 శాతమే. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. మన దగ్గరే మహిళా సంఘాల మీద ఆధారపడి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అందులో రైతులకు నేర్పేదీ రైతులే, వాళ్ళలో ఆడవాళ్ళు ఎంతోమంది. వాళ్ళను జామ్ గదిలోకి పంపితే ఆ కార్యక్రమం ఒక్కరోజు కూడా నడవదు.

ఇదంతా ఆలోచిస్తూ ఒక రాత్రి నా సిద్ధాంత గ్రంథం తెరిచాను. రాయలసీమ కరువు కథల మీద చేసిన పని అది. మధురాంతకం రాజారాం, సింగమనేని నారాయణ, కేతు విశ్వనాథరెడ్డి, ఇంకా ఎందరో. విషయసూచిక చూసి గతుక్కుమన్నాను. రెండో అధ్యాయం "రైతు". ఐదో అధ్యాయం "స్త్రీ పాత్రలు". అప్పులపాలై, బోరు ఎండి, వలసపోయేవాడు రెండో అధ్యాయంలో. కలుపు తీసి, గడ్డి కోసి, విత్తనం దాచి, కూలికి పోయి ఇల్లు నిలిపేది ఐదో అధ్యాయంలో, త్యాగం, సహనం అనే ఉపశీర్షికల కింద. ఆ కథకులు ఆడవాళ్ళను పొలాల్లోనే చూపించారు. వాళ్ళను పొలంలోంచి తీసి వేరే అధ్యాయంలో పెట్టింది నేను. నాకు డాక్టరేట్ ఇచ్చారు. రిజిస్టరు ముందున్న ఆ కుర్రాడికీ నాకూ తేడా ఏముంది? అతను ఐదు గళ్ళు గీసిన రిజిస్టరులో రాశాడు. నేను గళ్ళు నేనే గీసుకున్నాను.

2024 సంక్రాంతికి అన్న వచ్చినప్పుడు చెప్పాను. వాదన పెట్టుకోవాల్సి వస్తుందని భయపడ్డాను. వాడు, "నాకు తోచనే లేదే, నువ్వు ముందే చెప్పుంటే అయిపోయేది కదా" అన్నాడు. అడ్డంపడింది అమ్మే. "నా పేరుకెందుకు? నేనెన్నాళ్ళుంటా? మళ్ళీ మీకు తిప్పలు" అంది. రెండు రోజులు ఆ మాట మీదే ఉంది. మూడో రోజు, "నా పేరు మీదుంటే కరెంటాఫీసోళ్ళు నాతో మాట్లాడతారా?" అని అడిగింది. మాట్లాడతారన్నాను. "అయితే మార్చండి" అంది. ఎకరన్నర తోట అమ్మ పేరు మీద రిజిస్టరయింది. మిగతా మెట్ట చేను అన్న పేరు మీదే ఉంది. అందులో నా వాటా సంగతి నేను ఇప్పటికీ ఎత్తలేదు. అమ్మ కోసం అడగగలిగిన నోరు నా కోసం ఎందుకు పెగలడం లేదో నాకే అర్థం కావడం లేదు. మీలో ఎందరు అడిగారు? నిజంగా తెలుసుకోవాలని ఉంది.

సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేయమని మిత్రులు అంటున్నారు. రెండో అధ్యాయాన్నీ ఐదో అధ్యాయాన్నీ కలిపి తిరగరాస్తున్నాను. పని నెమ్మదిగా సాగుతోంది. ఎక్కడైనా ఆగిపోతే అమ్మకు ఫోన్ చేస్తాను. మొన్న అక్టోబరులో చేస్తే తోటలో ఉంది.

"తర్వాత మాట్లాడతా పాపా. కొమ్మకు ఎన్ని కళ్ళుండాయో చూసి కొయ్యాల, మాట్లాడితే లెక్క తప్పుతాది" అని పెట్టేసింది.