అమ్మ వేయించిన సూది

నా ఎడమకాలికి చలి అందరికంటే ముందు తెలుస్తుంది. కార్తీకం రాకముందే చల్లబడిపోతుంది, పాదం కాస్త నీలంగా మారుతుంది. దోమ వాలినా, చీమ పాకినా తెలుస్తుంది. కానీ ఆ దోమను తోలడానికి కాలు కదలదు, వంగి చేత్తో తోలుకోవాలి. కాలు పడిపోయిందంటే స్పర్శ కూడా పోయిందనుకుంటారు చాలామంది. పోలియోలో అది పోదు. ఈ వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలను చంపుతుంది, నొప్పినీ చలినీ మోసే నరాల జోలికి పోదు.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. 1976 వానాకాలం, నాట్లు సాగుతున్న రోజులు. నాకు రెండున్నరేళ్ళు. అప్పటి సంగతులేవీ నాకు గుర్తుండే వయసు కాదు. అమ్మ చెప్పగా విన్నవే. నలభై ఏళ్ళ పాటు ఆమె ఎప్పుడు చెప్పినా ఒకే వరసలో, ఒకే మాటల్లో చెప్పింది.

మూడు రోజులుగా నాకు జ్వరం. మడి నుంచి వచ్చి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. నాన్న సైకిల్ మీద పక్క ఊరు ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన బిళ్ళలిచ్చి పంపబోతే అమ్మే అడిగిందట, సూది వేయండి, తొందరగా తగ్గుతుంది అని. ఎడమ తుంటికి వేశాడు. రాత్రికి జ్వరం దిగింది. అమ్మ ఊపిరి పీల్చుకుంది.

"రాత్రి నీ కాళ్ళు రెండూ నా పొట్ట మీద వేసుకుని పడుకున్నావు. తెల్లారి వసారాలో నిలబెడితే ఎడమకాలు మడత పడిపోయింది. ఆడుతున్నావనుకున్నా. మళ్ళీ నిలబెట్టా. మళ్ళీ మడత పడింది."

ఇక్కడిదాకా వచ్చాక అమ్మ ఆగిపోయేది. ప్రతిసారీ ఇక్కడే.

సూది నరానికి తగిలిందని ఊరంతా తేల్చింది. నాన్న ఆ ఆర్ఎంపీ మీదికి గొడవకు వెళ్ళారు. ఎవరో పావురం నెత్తురు పూయమంటే పూశారు. మరొకరు చెప్తే కృష్ణ ఒడ్డున ఇసుక తవ్వి నడుము దాకా పాతి కూర్చోబెట్టారు. వేడి నూనె పెట్టి గట్టిగా మర్దనా చేశారు. కొత్తగా కాలు పడిపోయిన పిల్లకి ఆ రోజుల్లో కావలసింది విశ్రాంతి. మర్దనాలు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. ఆ సంగతి చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

పన్నెండో రోజున గుంటూరు తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టాడట. కుడికాలు ఎగిరింది, ఎడమది ఉలకలేదు. అరికాలు గిల్లితే నేను గుక్కపెట్టి ఏడ్చాను, వేళ్ళు మాత్రం కదల్లేదు. జ్వరం తర్వాత ఒక్కసారిగా ఒకే కాలు మెత్తబడిపోవడం, స్పర్శ మిగిలి ఉండటం, ఈ గుర్తులతోనే ఆయన పోలియో అన్నాడు. పరీక్షలేమీ చేయలేదు. ఇప్పుడైతే పదిహేనేళ్ళలోపు పిల్లలెవరికి అలా ఉన్నట్టుండి కాలో చెయ్యో వాలిపోయినా ప్రభుత్వానికి కబురు చేరాలి. పద్నాలుగు రోజుల్లోగా, ఒక్కరోజు ఎడంతో రెండుసార్లు మలం తీసి, ఐసులో పెట్టి ల్యాబుకు పంపుతారు. వైరస్ ఉందో లేదో, ఉంటే మూడు రకాల్లో ఏదో అక్కడ తేలుతుంది. మన దేశంలో పోలియోను వెతికి పట్టుకున్నది ఇలాగే.

మందు లేదని డాక్టరు చెప్పాడు. అది నిజం. చచ్చిన నరాల కణాన్ని బతికించే మందు ఇవాళ్టికీ లేదు.

నా సొంత జ్ఞాపకాలు క్యాలిపర్‌తో మొదలవుతాయి. రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద బరువైన బూటు. వానకు తోలు నాని కంపు కొట్టేది, పరికిణీకి తుప్పు మరకలయ్యేవి. ఇంట్లో దాన్ని విప్పేసేదాన్ని. అప్పుడు తొడ మీద ఎడమచెయ్యి పెట్టి, మోకాలు వంగిపోకుండా వెనక్కి నొక్కుకుంటూ అడుగు వేయాలి. పోలియో వచ్చినవాళ్ళలో ఇలా నడిచేవాళ్ళను మా తరంవాళ్ళు చాలామందినే చూసి ఉంటారు. చెయ్యి ఆనే ఆ చోట పరికిణీ ముందుగా మాసి, ముందుగా చిరిగిపోయేది. అందుకని అమ్మ ప్రతి కొత్త పరికిణీకీ అక్కడ లోపలివైపు, పైకి కనపడకుండా, అదే రంగు గుడ్డ ఇంకో పొర వేసి కుట్టేది. కొత్త బట్ట కట్టుకునేముందు ఆ మందపాటి చోటును వేళ్ళతో తడిమి చూసుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు చీర కట్టుకునేటప్పుడు కూడా చెయ్యి అక్కడికే పోతుంది.

పదకొండో ఏట మోకాలు వంకర తీయడానికి ఆపరేషన్ చేశారు. ఆరువారాలు పిండికట్టు. లోపల దురద పుడితే అక్క చీపురుపుల్ల దూర్చి గోకేది. ఆ మాత్రం నిలబడగలిగాను కాబట్టే చదువుకున్నాను, బీఎస్సీ చేశాను, వికలాంగుల కోటాలో సైన్సు టీచరునయ్యాను.

సైన్సు చెప్పడం మొదలుపెట్టాకే నా జబ్బు గురించి నేను చదివాను. అప్పటిదాకా భయం.

పోలియో వైరస్ నోటి గుండా లోపలికి వెళ్తుంది. పేగుల్లో పెరుగుతుంది, వారాల తరబడి మలంలో బయటికి వస్తుంది. మా ఊరు కాలవ నీళ్ళే తాగేది. ఆ కాలవ గట్టే అందరికీ దొడ్డికి వెళ్ళే చోటు. వానలొచ్చాక అంతా ఒకటే నీరు. సోకిన పిల్లల్లో ఎక్కువమందికి ఏమీ కాదు, కొందరికి కాస్త జ్వరం వచ్చి పోతుంది. సుమారు రెండు వందల మందిలో ఒకరికి కాళ్ళో చేతులో పడిపోతాయి. అంటే ఆ శ్రావణంలో నాతో ఒకే కంచంలో తిన్న మా అక్క కూడా ఆ వైరస్‌ను మోసే ఉంటుంది. ఊళ్ళో చాలామంది పిల్లలు మోసి ఉంటారు. కాలు పడిపోయింది నాకు, వడ్రంగుల పిల్లవాడికి. మా ఇద్దరినే ఊరు చూసింది. మిగతా వాళ్ళ దగ్గర అది వచ్చిందీ పోయిందీ ఎవరికీ తెలియలేదు. ఒక్క పిల్లకి పోలియో కనపడిందంటే చుట్టూ వందల మందికి అప్పటికే సోకిందని లెక్క.

తర్వాత సూది గురించి చదివాను. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

1950 ప్రాంతంలోనే ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో డాక్టర్లు ఒక సంగతి గమనించారు. పోలియో సాగుతున్న రోజుల్లో ఇంజెక్షన్ వేయించుకున్న పిల్లలకు, సరిగ్గా ఆ ఇంజెక్షన్ పడిన కాలో చెయ్యో పడిపోతోంది. సూది వైరస్‌ను తేలేదు. వైరస్ అప్పటికే నెత్తుట్లో ఉంది. సూది గుచ్చుకున్న కండరానికి గాయమవుతుంది, అక్కడి నరం చివర పట్టుకుని వైరస్ వెన్నుపాముకు ఎక్కుతుంది. మన దేశంలోనూ జ్వరానికి అక్కర్లేని ఇంజెక్షన్లు వేయించి కాళ్ళు పోగొట్టుకున్న పిల్లలు ఎందరో. సూది వేయకపోయి ఉంటే నాకు జ్వరం తగ్గి ఊరుకునేదేమో. ఊరి మాట తప్పే, సూది నరానికి తగల్లేదు. అయినా అమ్మ భయం పూర్తిగా తప్పు కాదు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పను? పదేళ్ళకు పైగా చెప్పలేదు.

ఈ మాట ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. ఇప్పటికీ పిల్లలకు జ్వరమొస్తే సూది వేయమని అడిగే తల్లిదండ్రులను, అడగగానే వేసేవాళ్ళను చూస్తూనే ఉన్నాను. సూది వేయని డాక్టరు డాక్టరే కాదనుకుంటారు. జబ్బు రాకుండా వేసే టీకా సూది వేరు, జ్వరం తగ్గడానికని తోచి వేయించే సూది వేరు. మొదటిదానికి భయపడి, రెండోదాన్ని అడిగి వేయించుకుంటున్నారు.

1995 డిసెంబరులో దేశమంతా పల్స్ పోలియో మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళు మా బడిలో పెట్టిన బూత్‌లో నేను కూర్చున్నాను. ఐసు ప్యాకులు పెట్టిన నీలం డబ్బా, చిన్న సీసాలు. సీసా మీద ఒక వలయం, దాని మధ్యలో చిన్న చదరం. చదరం వలయం కంటే తెల్లగా ఉంటే మందు పనికొస్తుంది. వేడి తగిలి చదరం వలయమంత నల్లబడితే ఆ సీసా పారేయాలి. ప్రతి సీసానూ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసేదాన్ని. పిల్లల నోట్లో రెండు చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలి గోటి మీద సిరా గుర్తు.

"మొన్ననే వేయించాం గదా టీచరుగారూ, మళ్ళీ ఎందుకు?" అని తల్లులు విసుక్కునేవాళ్ళు. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ టి. జాకబ్ జాన్ ఈ సంగతినే చాలా ఏళ్ళు పరిశోధించారు. చల్లటి దేశాల్లో మూడు మోతాదులు సరిపోయే చుక్కలు మన పిల్లల పేగుల్లో అంత బాగా పట్టవు, అందుకే మళ్ళీ మళ్ళీ వేయాలి. నేను ఇంత వివరం చెప్పేదాన్ని కాదు. కుర్చీలోంచి లేచి, తొడ మీద చెయ్యి పెట్టుకుని నాలుగడుగులు వేసేదాన్ని. వాళ్ళు పిల్లవాడి నోరు తెరిచేవాళ్ళు. అలా నడిచి చూపడానికి మొదట్లో చాలా సిగ్గుపడ్డాను. తర్వాత ఎవరైనా వద్దంటే చాలు, నేనే ముందు లేచేదాన్ని.

సహజంగా తిరిగే పోలియో వైరస్‌తో దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్న పాపకు వచ్చింది. 2014 మార్చి 27న భారతదేశంలో పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఆ సాయంత్రం టీవీలో వార్త చూస్తూ అమ్మ ఒత్తులు చేస్తోంది. ఇక దాచలేక అంతా చెప్పాను. కాలవ నీళ్ళు, అక్క, వైరస్ ముందే ఒంట్లో ఉండటం, సూది. సగం చెప్పి సగం దాచలేదు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపటికి అడిగింది.

"అప్పటికే ఉన్నాయా ఆ చుక్కలు?"

"ఉన్నాయమ్మా. నేను పుట్టకముందు నుంచే ఉన్నాయి."

"మరి మన ఊరు ఎందుకు రాలా?"

నా దగ్గర తేదీలే ఉన్నాయి. 1955లో అమెరికాలో సూది టీకా వచ్చింది. 1960ల మొదట్లో చుక్కల మందు వచ్చింది. మన ప్రభుత్వం పిల్లల టీకాల్లో పోలియో చుక్కలు చేర్చింది 1979లో. నాకు కాలు పడిపోయింది 1976లో. ఇవన్నీ చెప్పాను. అమ్మ వింది. "మూడేళ్ళు," అంది. ఒత్తులు పక్కన పెట్టేసింది. అంత కోపం ఆమె ముఖంలో నేను అంతకుముందు చూడలేదు. నలభై ఏళ్ళూ తనమీదే పెట్టుకున్న కోపం అది.

ఆ ఏడాది నుంచే నా కుడికాలు కూడా అలిసిపోవడం మొదలైంది. పోలియోలో చావకుండా మిగిలిన నరాల కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండరాలను కూడా మోస్తాయట. అలా ముప్ఫై నలభై ఏళ్ళు ఎక్కువ బరువు మోసిన కణాలు చివరికి నీరసిస్తాయి. మంచిదనుకున్న కాలి మీదే ఇన్నేళ్ళూ నిలబడ్డాను. ఇప్పుడు మెట్లెక్కలేను, బడికి చక్రాల కుర్చీలో వెళ్తున్నాను.

2016 జూన్‌లో హైదరాబాదు నుంచి అక్క ఫోన్ చేసింది. అమ్మా తనూ అక్కడే, అక్క కూతురి ఇంట్లో ఉన్నారు. మనవడికి రెండేళ్ళు.

"ఏమే, ఇక్కడ మురుక్కాలవ నీళ్ళలో పోలియో దొరికిందంట. పిల్లలందరికీ సూది వేస్తున్నారు. చుక్కలు కాదు, సూది. వేయించనా వద్దా? అమ్మకి ఇంకా చెప్పలా."

పేపర్లో నేనూ చూశాను. దొరికింది రెండో రకం. సహజంగా తిరిగే రెండో రకం వైరస్ 1999 తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనపడలేదు. ఇది చుక్కల మందులోని బలహీనపరిచిన వైరస్ మారగా వచ్చింది. టీకా పడని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూ మళ్ళీ బలం పుంజుకోగలదు. అందుకే ఆ ఏప్రిల్ నుంచే మన చుక్కల్లోంచి రెండో రకాన్ని తీసేశారు. జబ్బు ఏ పిల్లవాడికీ రాలేదు. అయినా హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలు సుమారు 3 లక్షల మందికి సూది టీకా వేశారు. పూర్తి మోతాదులో ఐదో వంతు, చర్మం పొరలోకి. అందులో ఉండేది చంపిన వైరస్, తిరిగి లేవదు.

వేయించమని చెప్తూండగానే ఫోన్ అమ్మ చేతికి వెళ్ళింది. అంతా వింటూనే ఉన్నట్టుంది.

"జ్వరం లేదు వాడికి. చెయ్యి పెట్టి చూశా. నేనే తీసుకెళ్తా."

ఆమే తీసుకెళ్ళింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేయించింది. తర్వాత అక్క చెప్పింది. ఆ రాత్రి అమ్మ వాడిని తన పక్కనే పడుకోబెట్టుకుందట, వాడి కాళ్ళు రెండూ తన పొట్ట మీద వేసుకుని. కాసేపటికోసారి లేచి కూర్చుని వాడి అరికాలు గీకేదట. వాడు నిద్రలోనే కాలు లాక్కునేవాడు. రెండో కాలు గీకేది. అదీ లాక్కునేవాడు. అప్పుడు పడుకునేది. మళ్ళీ లేచేది. తెల్లారి వాడు మంచం దిగి పరుగెత్తేదాకా అక్క కూడా నిద్రపోలేదట.