అమ్మకానికి ముస్తాబు

రాజమండ్రిలో మా పాత ఇల్లు అమ్మజూపాం. వీడియో తీయడానికి వచ్చిన కుర్రవాడు ముందు ఫ్యాన్లు ఆపించాడు. తిరిగే రెక్కలు బొమ్మలో చెదిరిపోతాయట. కెమెరాను ఛాతీ ఎత్తున సమంగా నిలిపాడు. పైకెత్తితే గోడలు వాలినట్టు పడతాయట. వైడ్ యాంగిల్ లెన్సులో పదడుగుల గది కాస్తా కల్యాణమండపమై కూర్చుంది!

"మాస్టారూ, ఆ పెద్దాయన పటం తీయించండి. కొనేవాళ్ళు తమ సంసారాన్ని ఊహించుకోవాలి గదండీ," అన్నాడు.

న్యాయమే. మా నాన్నగారి పటం దింపాను. వెనకాల గోడ నలుచదరంగా తెల్లగా మిగిలింది.

"కంప్యూటరులో ఆ మచ్చ చెరిపేస్తాను."

"వద్దు నాయనా," అంది మా ఆవిడ. "గది పెంచావు, సరే. మామయ్యగారున్న చోటు ఉండనీ."

గది అసలు కొలతలు మాత్రం, అడుగుల్లో, బొమ్మ కిందనే వేయించాను. కొనేవాడికీ ఒక సంసారం ఉంటుంది గదా!